నాలుగో ఏటి ఒడిబియ్యం

నాకు ఆపరేషన్ అని తెలిసిన రోజు నుంచి మా గల్లీలోని ఆడవాళ్లందరికీ నా ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున నేను వాకిలి ఊడ్వకముందే ఒకరు, పాల ప్యాకెట్ కోసం పోతూ ఒకరు, బీడీల చాట చంకన పెట్టుకుని ఇంకొకరు, తలుపు దగ్గర నిలబడి "ఎట్లున్నవక్కా? పానం మంచిగున్నదా?" అని అడిగేవాళ్లు. నేనూ పిచ్చిదాన్నే. మొదట్లో నిజమనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ ప్రేమ నా మీద కాదు, నా దగ్గరున్న వాళ్ల బ్లౌజు గుడ్డల మీద.

నేను టైలర్ని. నిజామాబాద్‌లో మా ఇంటి ముందుగదిలోనే మిషను వేసుకుని, పెళ్లయి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆడవాళ్ల బ్లౌజులు కుడుతున్నాను. అది మాఘమాసం. పెళ్లిళ్ల కాలం. గోడకు కొట్టిన మేకులన్నింటికీ సంచులు, సంచుల నిండా పట్టుగుడ్డలు. నాకేమన్నా అయితే ఆ గుడ్డలేం గావాలి? అదీ వాళ్ల బాధ.

"అక్కా, నీకేం గాదు గని, నా బ్లౌజు జర ముందుగాల ఇచ్చి పో," అన్నది ఒకామె.

"యాడికి పోవాల్నే?" అన్నాను కత్తెర కింద పెట్టి.

ఆమె నాలుక కరుచుకుంది. "అంటే... దవాఖానకే అక్కా. మళ్ల నువ్వొచ్చుడు, కోలుకునుడు... మా మరదలి పెండ్లి ఆగదు గద."

"ఇస్త. ఇచ్చే పోత," అన్నాను. ఆమె పోయాక మాత్రం ఆ మాట గదిలోనే ఉండిపోయింది. ఇచ్చే పోత. నోరు జారి నేనే అనేశాను.

నా బరువెంతో చెప్పను. అడిగినవాళ్లకు "వంద దాటింది" అంటాను. దాటి ఎంత దూరం పోయిందో నాకూ డాక్టరుకూ తెలుసు, చాలు. లావని ఎవరేమన్నా నేనెప్పుడూ పట్టించుకోలేదు. నా నోటికి జడిసి ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు కూడా. కానీ మోకాళ్లు మాట వినడం మానేశాయి. మిషను ముందు కూర్చుంటే పొట్ట బల్లకు తగిలి, గుడ్డ చూడాలంటే మెడ చాపాల్సి వచ్చేది. పడుకుంటే నిద్రలో ఊపిరి ఆగిపోతోందని, మళ్లీ ఉలిక్కిపడి తీసుకుంటున్నానని డిగ్రీ చదివే నా బిడ్డ ఫోన్లో వీడియో తీసి చూపించింది. అది చూశాక నాకే నా మీద జాలేసింది. బరువు తగ్గించే ఆపరేషన్ కోసం హైదరాబాద్ తీసుకుపోయారు. అక్కడి డాక్టరు నా బిడ్డకు అన్నలాగా ఉన్నాడు, అంత చిన్నవాడు. కాగితం మీద పెన్నుతో కడుపు బొమ్మ గీసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, "ఇంత తీసేస్తాం, అరటిపండంత ఉంచుతాం అమ్మా" అన్నాడు. అన్నీ అడిగాను. ఎన్ని కుట్లు పడతాయి, ఎప్పుడు మిషను తొక్కొచ్చు, మిర్చి బజ్జీ మళ్లీ ఎప్పుడు తినొచ్చు. ఒక్కటి మాత్రం అడగలేకపోయాను. మత్తిచ్చాక లేస్తానా లేదా?

ఆ ప్రశ్న నాతోపాటే బస్సెక్కి నిజామాబాద్ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఏం, అది చేతుల్లోంచి బయటపడింది. ఒక పెళ్లికూతురు బ్లౌజుకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆ పిల్ల వేసుకుని చూసుకుని, "ఆంటీ, నాకు కుడిచెయ్యి ఉన్నది గద?" అని అడిగింది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. ఆరోజు మాత్రం "ఉంటే చూపియ్యి!" అని కసిరాను. పాపం, ఆ పిల్ల నిజంగానే చెయ్యెత్తి చూపించింది.

ఆసుపత్రిలో మనసు కుదుటపడటానికని ఒక మేడమ్‌తో కూడా మాట్లాడించారు. భయమేసినప్పుడు కళ్లు మూసుకుని, కడుపులోంచి ఊపిరి తీసి మెల్లగా వదలాలని నేర్పిందామె. ఇంటికొచ్చి చేశాను. కళ్లు మూసుకుంటే ఆపరేషన్ గది కనిపించేది. కడుపులోంచి ఊపిరి తీద్దామంటే, ఈ కడుపే కదా పోయేది అని ఏడుపొచ్చేది. ఇంతకంటే కాజాలు కుట్టుకోవడం నయమనిపించి మళ్లీ మిషను దగ్గరికే పోయాను. నిజానికి కాజాలే నన్ను కాపాడాయి. వంచిన తల ఎత్తకుండా కుడుతుంటే, కాసేపు భయం కూడా పక్కన కూర్చుని చూస్తూ ఉండేది, మీద పడేది కాదు.

ఇక తిండి. ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు నీళ్లలాంటివే తాగాలన్నారు. కాలేయం కొవ్వుపట్టి పెద్దగా ఉంటుందట, అది కడుపుకు అడ్డమొస్తుందట. తిండి మానేస్తే చిన్నగవుతుందట. అవ్వకపోతే ఆపరేషన్ వాయిదా. అందుకని పల్చటి మజ్జిగ, పప్పు మీది తేట, సున్నం రుచి వచ్చే ఏదో పొడి కలిపిన నీళ్లు. నా బిడ్డ పోలీసైపోయింది. పప్పు తేటలో ఒక్క బద్ద తేలినా చెంచాతో తీసేసేది. మా ఆయనకు గంజ్ బజార్లో చిన్న కిరాణా దుకాణం. నా ముందు తినలేక దుకాణంలోనే తిని వచ్చేవాడు. వచ్చాక నోరు కడుక్కుని, సోంపు నమిలి, చొక్కా కూడా మార్చుకుని నా దగ్గర కూర్చునేవాడు. అయినా నాకు తెలిసిపోయేది.

"ఇయ్యాల ఆలుగడ్డ బజ్జీ తిన్నవు."

"లేదే."

"పుదీన చట్నీ తోటి."

ఆయన తల దించుకునేవాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్క గ్లాసు కడగని మనిషి నా మజ్జిగ గ్లాసు కడగడం మొదలుపెట్టాడు. అది చూస్తే సంతోషించాలా, భయపడాలా? నేను భయపడ్డాను. మొగుడు ఊరికే మంచివాడు కాడు కదా.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున మా అన్న వచ్చాడు. మా పుట్టిల్లు బోధన్ అవతలి పల్లె. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరు ఊరంతా వరికి మళ్లినా మా అన్న రెండెకరాల్లో చెరుకు మాత్రం వదల్లేదు. వదిలితే మా తాత ఊరుకోడంటాడు. తాత పోయి ఎన్నేళ్లయిందో. బండి మీద ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాను కట్టుకుని వచ్చి, దాన్ని తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.

"ఏందన్నా గిది?"

"సెరుకు రసం. పొద్దుగాల్నే గానుగ పట్టించిన. నిమ్మకాయ పిండిన, అల్లం ఏసిన. నీళ్ల లెక్కున్నయే తాగాలె అన్నవు గద ఫోన్ల. తాగు ఎంత తాగుతవో!"

"అన్నా, సక్కెర వద్దన్నడు డాక్టరు."

"దీంట్ల సక్కెర యాడున్నది?"

ఈ మాట అన్నది ఎవరు? తాత కాలం నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలిన ఇంటి కొడుకు. ఆయన మాత్రం నిజంగానే నా మీద జాలిపడి వివరంగా చెప్పాడు.

"సక్కెర ఫ్యాక్టరీల అయితది చెల్లె. మిషన్ల పడాలె, ఉడకాలె, తెల్లగ గావాలె, గప్పుడు అది సక్కెర. గిది ఉత్త రసం. నీళ్లు."

నా బిడ్డ నవ్వి నవ్వి గోడకు జారి నేల మీద కూలబడింది. "మామా, గిది తాగితే మమ్మీ కాలేయం గుమ్మడికాయ అయితది!" అంది. అన్న ముఖం చిన్నబోయింది. అందులో ఆయన తప్పేం లేదు. మా ఇంట్లో చెరుకు రసాన్ని ఎవరూ తిండిలో లెక్కపెట్టలేదు. గానుగ ఆడే రోజుల్లో దాహమైతే కుండ దగ్గరికి పోకుండా గానుగ దగ్గరికి పోయేవాళ్లం. చుట్టమొస్తే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తాగడానికి రసం. తీపి అంటే మాకు పండుగ రోజు పరమాన్నమే.

ఆ క్యాను మూత తీస్తే వచ్చిన వాసన ఉంది చూడండి, అన్నం లేని నా కడుపు లేచి నిలబడింది. ముక్కు మూసుకుని, బ్లౌజుల కోసం కాపుకాసిన ఆడవాళ్లందరికీ పోయించాను. ఆరోజు ఒక్కరూ తొందరపెట్టలేదు.

పోతూ పోతూ అన్న గడప దగ్గర ఆగాడు. "మరిచిన చెల్లె. ఐతారం ఊరికి రావాలె. అవ్వ నీకు ఒడిబియ్యం పోస్తనంటున్నది."

చేతిలో సూది ఆగిపోయింది.

మావైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు ఒళ్లో పోసి, కొత్త చీర పెట్టి పంపుతారు. బిడ్డ ఇల్లు నిండుగా ఉండాలని. అయితే ఎప్పుడంటే అప్పుడు పోయరు. ఒకసారి పోశాక మళ్లీ మూడో ఏడో, ఐదో ఏడో, బేసి ఏడే పోయాలి. సరి ఏడు ముట్టుకోరు. నాకు మూడో ఏడు పోస్తామంటే ఇంట్లో ఏదో అడ్డమొచ్చింది, ఐదో ఏడు పోద్దామని నన్ను కన్న అవ్వే అంది. ఇది నాలుగో ఏడు.

మంగళవారం గోళ్లు తీస్తే ఇల్లంతా లేపే మనిషి మా అవ్వ. శుక్రవారం ఎవరికీ పసుపు చేతికియ్యదు. అట్లాంటి అవ్వ నాలుగో ఏడు ఒడిబియ్యం పోస్తానంటే ఏమనుకోవాలి? ఐదో ఏటికి నేనుండననే కదా. నేను ఎవరికీ చెప్పని ప్రశ్న మా అవ్వ దాకా ఎట్లా పోయింది? పోయి, దానికి జవాబు కూడా తెచ్చుకుందా?

అన్న బండి గల్లీ దాటకముందే అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, నాలుగో ఏడు ఎట్ల పోస్తవే?"

"నడుమ అధికమాసం రాలేదా? అది కలుపుకుంటే ఐదో ఏడే."

"అధికమాసమొస్తే నెల పెరుగుతది గని ఏడు పెరుగుతదా?"

"నువ్వు నాకు లెక్కలు సెప్పకు. బ్లౌజుల లెక్కలు సూస్కో. ఐతారం రా." ఫోన్ పెట్టేసింది.

వదినకు చేశాను. వదిన అవతల కిసుక్కున నవ్వింది. "ఏమో మరి, అత్తమ్మ సెప్పొద్దన్నది. వస్తే నువ్వే సూస్తవు," అంది. చావు మాట దాచేవాళ్లు నవ్వుతారా? నవ్వుతారేమో. నాకు తెలియకూడదని నవ్వుతారేమో. ఆ నాలుగు రోజులు నా బుర్ర పనిచేసిన తీరు అది. ఎవరు నవ్వినా అనుమానం, ఎవరు నవ్వకపోయినా అనుమానం.

మా ఆయనతో లొల్లి పెట్టుకున్నాను. "నేను పోను. నన్ను సాగనంపుతున్నరా మీరంత గలిసి?"

"నీ ఇష్టం," అన్నాడు. ఆ గ్లాసులు కడిగే మంచితనంతోనే అన్నాడు. ఆ మంచితనమే నాకు మండింది.

"పోతా! పోయి మొకం మీదనే అడుగుత!"

నిశ్చయించుకున్నాను. అవ్వ ముఖం చూసి అడుగుతాను. తను భయపడి పిలిచిందని తెలిస్తే, నిన్ను కడసారి చూసుకోవాలని పిలిచాననే మాట ఆ నోట వస్తే, ఆపరేషన్ లేదు, ఏం లేదు. మోకాళ్లు పోతే పోనీ, ఊపిరి ఎన్నాళ్లు ఆడితే అన్నాళ్లు ఆడనీ. డాక్టరు బొమ్మ గీసి చెప్పింది ఒకెత్తు, అవ్వ మాట ఒకెత్తు. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా?

ఆదివారం ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. మాఘమాసపు ఎండ, చురుకు లేదు. రోడ్డు పక్క కళ్లాల్లో పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కుప్పలు, గాలంతా పసుపు వాసన. బోధన్ దాటాక చెరుకు ట్రాక్టరు ఒకటి మా ముందు పోతోంది. ఇంకెప్పుడైనా అయితే ఆటో ఆపించి గడ లాగేదాన్ని. ఆరోజు చెరుకును చూస్తూ కూర్చున్నాను. అవ్వ ముఖం చూడగానే ఎట్లా అడగాలి? ముందు అన్నం తిందువు రమ్మంటుంది, నేను తినేది లేదు. ముందే అడిగెయ్యాలి. నా బిడ్డ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, మధ్యమధ్య బాటిల్లోంచి మజ్జిగ ఇస్తోంది.

ఇంటి ముందు పందిరి! నేను ఏదో నలుగురు ఆడవాళ్లతో కానిచ్చేస్తారనుకున్నాను. పచ్చటి పందిరి వేసి, వాకిలంతా అలికి, ముగ్గులు పెట్టి, వాడంతా అక్కడే ఉంది. పొయ్యి మీద పెద్ద డేగిసాలో పలావ్ ఉడుకుతోంది. నన్ను చూడగానే "అగో, వచ్చింది! వచ్చింది!" అని ఒకటే అరుపులు. మా వాడ పిన్నమ్మ ఒకామె ఎదురొచ్చి, నా భుజం మీద చెయ్యేసి, "వచ్చే ఏడు ఇట్ల కావలించుకుంటే రెండు చేతులు కలుస్తయట గద!" అంది. ఇంకొకామె సంచీలోంచి గుడ్డ తీసి, "నీకు తీరికున్నప్పుడే గని, కొలత జాకెట్టు కూడా తెచ్చిన" అంది. నేను మండిపడేలోపు అందరూ నవ్వారు. నవ్వనియ్యి. నాకు కావాల్సింది ఒకే ఒక్క మనిషి.

అవ్వ వంటింటి వెనక చాటలో బియ్యానికి పసుపు కలుపుతోంది. మోచేతుల దాకా పసుపే. బియ్యం చూశాను. ఐదు సోలలు పోయాలి ఎవరికైనా. అక్కడ గోనెసంచి మూతి విప్పి ఉంది.

"అవ్వా, ఒక్క మాట అడుగుత. అబద్ధమాడితే నా మీద ఒట్టు."

"వచ్చినవా? మజ్జిగ తాగినవా?"

"అవ్వా, నేను సచ్చిపోతననే పిలిచినవా? ఐదో ఏడు దాక ఉండననే గదా?"

అవ్వ చేతులు బియ్యంలో ఆగిపోయాయి. నా ముఖం వంక చూసింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఇంటిపైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వింది. పసుపు చేతులతోనే నోరు మూసుకుంది, మూతి చుట్టూ పసుపు అంటుకుంది.

"ఓయమ్మ! గిదా నువ్వనుకున్నది? పిస్స గిట్ల లేసిందానే నీకు?"

"మరి నాలుగో ఏడెందుకు?"

"వచ్చే ఏడు నువ్వు పుల్ల లెక్కయితవట. నీ బిడ్డనే ఫోన్ల సూపిచ్చింది, ముందు గిట్ల, తర్వాత గిట్ల అని బొమ్మలు. గా ఒళ్లె నేనేం పోయాలె? ఐదు సోలలు పోస్తే జారి నేలమీద పడతయి." నా తొడల మీద చెయ్యేసి తట్టింది, చీర మీద పసుపు అచ్చు పడింది. "గిప్పుడు సూడు నీ ఒడి. గంపెడున్నది. నాకు నిండుగ పోసుకోవాలని ఉండదా? గీ ఒడి మళ్ల దొరుకుతదా నాకు?"

ఇంతేనా? నాలుగు రోజులు చచ్చి బతికింది ఇందుకా?

అవ్వ ఆగలేదు. "పుట్టినప్పుడు నువ్వు పిడికెడు లేవు. బతకదన్నరు. పాలు వట్టకపోతే దూదితోని నోట్ల పిండిన. ఊరోళ్లందరు నవ్వితే, జొన్నగట్క, పెరుగు, బెల్లం, ఏది దొరికితే అది తినవెట్టి తినవెట్టి చేసిన గీ ఒళ్లు. అందరు నిన్ను లావు లావంటరు. నాకు నువ్వు ఎన్నడు లావు కాదు. నేను గెలిచిన దానివి. ఇప్పుడు సగం కోసి పారేస్తమంటే, సరే, నీ పానం మంచిగుంటదంటే కోయనియ్యి. గని పోయేదాన్ని ఒక్కపారి ముద్దుజేసి సాగనంపొద్దా? నిన్ను గాదే పిస్సదాన. నీ ఒళ్లును."

నా శరీరం గురించి నా జన్మలో ఎవరూ అట్లా మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడుకోలేదు. కొలత టేపు పట్టుకుని ఎందరివో ఒళ్లు చూశాను, నా ఒళ్లు నాకు ఎప్పుడూ ఒక తప్పులాగే కనిపించింది. దాన్ని కష్టపడి గెలుచుకున్న మనిషి ఒకతె ఉందని నాకు తెలియనే తెలియదు. అక్కడే, చాట పక్కన కూలబడి ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. అవ్వ పసుపు చేతులతోనే నా కళ్లు తుడిచింది, ముఖం పచ్చబడింది.

"నీకు భయమైతలేదా అవ్వా?" అన్నాను.

"ఎందుకు గాదు? మస్తు భయమైతున్నది. రోజు దేవునికి మొక్కుతున్న. భయం భయమే, బియ్యం బియ్యమే. లే, మొకం కడుగు, ఆడోళ్లు ఎదురుసూస్తున్నరు."

పీట మీద కూర్చోబెట్టారు. పీట సరిపోలేదు, రెండు పీటలు కలిపారు. నడుముకు తువ్వాల కట్టి ఒడి పట్టారు. కన్నవాళ్లు అవ్వ, బాపు కలిసి మొదటి దోసిలి పోశారు. తర్వాత అన్న, వదిన. తర్వాత వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరు. కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. అయిపోయిందనుకుంటే అవ్వ గోనెసంచి దగ్గరికి పోయి మళ్లీ చాట నింపుకొచ్చింది.

"అత్తమ్మా, సాలు!" వదిన అరిచింది.

"ఇంకా పడతది. పోయ్‌రి. నా బిడ్డ ఒడిది!"

"పడతది పడతది, జాగ ఉన్నది!" ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. బియ్యం నా పొట్ట ఎత్తు దాకా వచ్చింది. నేను నవ్వుతుంటే పొట్ట కదిలి, పొట్టతోపాటు బియ్యం కదిలి, పక్కల నుంచి జారుతుంటే పిల్లలు ఏరి మళ్లీ ఒళ్లో వేస్తున్నారు. లేవమంటే లేవలేకపోయాను. ఒకవైపు మా ఆయన, ఒకవైపు అన్న పట్టుకుని లేపారు. బరువుకు మా ఆయన ముఖం ఎర్రబడింది. ఎన్నో రోజుల తర్వాత ఆయన నవ్వాడు, నిజంగా నవ్వాడు, గ్లాసులు కడిగే నవ్వు కాదు.

ఆనవాయితీ ప్రకారం నా ఒళ్లోంచి ఐదు పిడికెళ్లు తీసి పుట్టింటికి తిరిగిచ్చాను, ఈ ఇల్లూ నిండుగా ఉండాలని. అందరూ పలావ్ తిన్నారు. నేను మజ్జిగ తాగుతూ, ఎవరి విస్తట్లో మసాలా తక్కువైందో వాసన చూసి చెప్పాను. ఆటో ఎక్కేటప్పుడు అవ్వ వచ్చి, మూట నా కాళ్ల దగ్గర పెట్టించి, లోపలికి తల పెట్టింది.

"గిది లెక్కల రాదు. సెప్తున్న ఇప్పుడే. వచ్చే ఏడు ఐదో ఏడు. అసలుది అప్పుడు పోస్త, సన్నపు ఒళ్లె. రాకుంటే కాళ్లిరగ్గొడత."

"మరి అధికమాసం లెక్క?" అన్నాను.

"పోవే," అంది.

ఊళ్లో వాళ్లందరి ముందూ నా చెంప మీద ముద్దు పెట్టుకుంది. మా అవ్వ ముద్దులు పెట్టే మనిషి కాదు.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయంటే, బ్లౌజులన్నీ పూర్తయ్యాయి. చేతులన్నీ కుడివి కుడికి, ఎడమవి ఎడమకు కుట్టాను. కసిరిన పెళ్లికూతురికి ఊరికే లేసు వేసిచ్చాను. భయం పోలేదు, పోయిందంటే అబద్ధం. కానీ అది ఇప్పుడు ఎక్కడినుంచో వచ్చి మీద పడే భయం కాదు, ఇంట్లో తిరిగే చుట్టంలాంటిది. హైదరాబాద్ పోయాం. తూకం చూశారు, కాలేయం చూశారు, బాగుందన్నారు.

పొద్దున్నే నన్ను మంచం మీద లోపలికి తోసుకుపోయారు. తెల్లటి దీపాలు, చల్లటి గది. ముఖానికి గుడ్డ కట్టుకున్న మత్తు డాక్టరు వంగి, "భయంగా ఉందా అమ్మా?" అని అడిగాడు.

"ఉన్నది సార్. కానీ లేవకపోతే కుదరదు. మా అవ్వ కాళ్లిరగ్గొడతనన్నది," అన్నాను.

గుడ్డ వెనక ఆయన నవ్వు కళ్లలో తెలిసింది. సరే, లేపుతాంలే అన్నాడు.

ఆ తర్వాత నాకు గుర్తున్నది దాహం. నోరు ఎండిపోయి నాలుక అతుక్కుపోయి, నీళ్లు, నీళ్లు అని గొణుగుతున్నాను. నీళ్లు ఇయ్యొద్దన్నారట. నా బిడ్డ దూది తడిపి నా పెదాల మీద అద్దుతోంది, ఏడుస్తోంది, నవ్వుతోంది. ఇంకో చేత్తో నా చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. అందులోంచి మా అవ్వ ఊరంతా వినబడేట్టు అరుస్తోంది.

"లేసిందా? దూదితోని పెడుతున్నవా? గట్లనే, గట్లనే పెట్టు బిడ్డా. నేను గూడ గట్లనే పెట్టిన."